వాన నీళ్లకు సున్నపురాయి ఎలా కరుగుతుంది? పల్నాడంతా అదే రాయి అయినా గుహలు అంత తక్కువెందుకు?

కొత్తపేట_సైన్స్, గుంటూరు

తొమ్మిదో తరగతి పిల్లల ప్రాజెక్టు కోసం అడుగుతున్నానండీ. వర్షపు నీరు సున్నపురాయిని కరిగించడం వల్ల గుహలు ఏర్పడతాయని పుస్తకంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. పిల్లలు అక్కడితో ఊరుకోరుగా. వాళ్లు అడిగినవీ, నాకు తట్టినవీ కలిపి నాలుగు సందేహాలు.

ఒకటి. మాచర్ల నాపరాయి ముక్కను గ్లాసు నీళ్లలో వారం ఉంచినా చెక్కుచెదరదు. దాని మీదే బాత్రూం యాసిడ్ చుక్క వేస్తే బుసబుసమని పొంగుతుంది. వాన నీళ్లు యాసిడ్ కాదు కదా, మరి కిలోమీటర్ల పొడవున గుహలు ఎలా తొలిచాయి?

రెండు. నీళ్లు పైనుంచి దిగుతూ రాయిని కరిగిస్తాయంటే, పై రెండు మూడడుగుల్లోనే ఆ పదును అయిపోవాలి. అంత లోతున ఖాళీ ఎలా ఏర్పడింది?

మూడు. పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల, ఇటు జగ్గయ్యపేట, ఎటు చూసినా సున్నపురాయే. గుత్తికొండ బిలం లాంటివి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఎందుకు?

నాలుగు. సున్నపు తేటలోకి స్ట్రాతో ఊదితే తెల్లబడుతుంది, ఇంకా ఊదితే మళ్లీ తేటపడుతుంది అంటారు. తెల్లబడటం వరకు బాగానే ఉంది. పావుగంట ఊదినా తేటపడటం లేదు. తప్పు ఎక్కడ?

సున్నపు_తేట, విజయవాడ

మాస్టారూ, ఒకటో ప్రశ్న, నాలుగో ప్రశ్న నాకు వదిలేయండి. పగుళ్లు, గుహల సంగతి రాళ్లవాళ్లు చెప్తారు.

వాన నీళ్లు యాసిడ్ కాదన్న దగ్గరే పప్పులో కాలేశారు. గాలిలో 0.04 శాతం కార్బన్ డై ఆక్సైడ్ ఉంటుంది. చినుకు కింద పడేలోగా అందులో కొంత కలుపుకుంటుంది, కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. కాలుష్యం లేని చోట కూడా వాన నీటి పీహెచ్ 5.6 దగ్గర ఉంటుంది, 7 కాదు. బలహీనమైన ఆమ్లమే, కాకపోతే ఎడతెగకుండా వస్తూ ఉంటుంది.

అసలు పదును మాత్రం ఆకాశంలో కాదు, మట్టిలో ఎక్కుతుంది. వేళ్లు ఊపిరి తీస్తాయి, రాలిన ఆకులను సూక్ష్మజీవులు కుళ్లబెడతాయి. ఈ రెండింటి వల్ల మట్టి సందుల్లోని గాలిలో కార్బన్ డై ఆక్సైడ్ 1 నుంచి 5 శాతం, ఒక్కోచోట ఇంకా ఎక్కువే ఉంటుంది. బయటి గాలి కంటే పాతిక నుంచి వంద రెట్లు పైన. మన దగ్గర వానాకాలంలో, మట్టి తడిగా వెచ్చగా ఉన్నప్పుడు, ఇది బాగా పెరుగుతుంది. నీళ్లు కిందికి దిగేది కూడా అప్పుడే.

25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో ఎంత సున్నపురాయి కరుగుతుందో చూడండి. కార్బన్ డై ఆక్సైడ్ అసలు లేని నీటిలో సుమారు 14 మిల్లీగ్రాములు. మామూలు గాలి తగిలిన నీటిలో 50 దాకా. 1 శాతం ఉన్న మట్టిలోంచి దిగితే 150 దగ్గర. 5 శాతం ఉంటే 250. వాయువు వంద రెట్లు పెరిగితే కరిగేది అయిదు రెట్లకు కూడా చేరడం లేదని గమనించారా? గ్రాఫు గీస్తే వచ్చే ఈ వంపు గుర్తుపెట్టుకోండి, కింద ఎవరో ఒకరికి పనికొస్తుంది.

ఇప్పుడు మీ గ్లాసు. 200 మిల్లీలీటర్ల నీళ్లు, గాలి మాత్రమే తగిలింది. మహా కరిగితే 10 మిల్లీగ్రాములు, అంటే మూడు నాలుగు ఆవగింజల బరువు. అది కంటికెలా ఆనుతుంది? పైగా మీరు పోసింది కుళాయి నీళ్లో బోరు నీళ్లో అయితే అవి అప్పటికే సున్నం తాగి కడుపు నిండి ఉంటాయి. కొత్తగా ఒక్క పిసరు కూడా కరగదు.

బుడగల విషయంలో పిల్లలు తికమకపడే చోటు ఒకటుంది. బాత్రూం యాసిడ్ రాయిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను బయటికి తరిమేస్తుంది, అందుకే పొంగు. గుహలో జరిగేది దీనికి తలకిందులు. అక్కడ రాయి, నీళ్లు, కార్బన్ డై ఆక్సైడ్ మూడూ కలిసి కాల్షియం బైకార్బనేట్ అవుతాయి. వాయువు ఖర్చవుతుంది, బయటికి రాదు. బుడగ లేదు, చప్పుడు లేదు. ఈ బైకార్బనేట్‌కు ఘనరూపం లేదు, నీటిలో ఉన్నంతసేపే దాని ఉనికి. వాయువు తప్పించుకుందా, మళ్లీ రాయి అయిపోతుంది. గుహ తొలిచేదీ, ఆ గుహ కప్పు నుంచి ఊడల్లా వేలాడే స్టాలక్టైట్లను కట్టేదీ ఈ ఒక్క చర్యే. ఒకసారి ఇటు నడుస్తుంది, ఒకసారి అటు.

పిడుగురాళ్ల బట్టీ చూసిన పిల్లలకైతే ఇలా చెప్పొచ్చు. బట్టీలో 900 డిగ్రీల వేడి పెట్టి వాయువును వెళ్లగొడతారు. కల్తీ లేని రాయి 100 కిలోలు వేస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు గాల్లో కలుస్తుంది. భూమి కింద వేడి అక్కర్లేదు, వాయువును తీసెయ్యడానికి బదులు ఇంకొంచెం చేరుస్తుంది. రెండు దార్లలోనూ రాయి రాయిగా మిగలదు.

క్లాసులో చూపించడానికి వెనిగర్ వాడతారు కదా, దానికీ వాన నీటికీ తేడా ఇది. 4 శాతం వెనిగర్ 100 మిల్లీలీటర్లు 3.3 గ్రాముల సున్నపురాయిని తినగలదు. అంతే వాన నీరు తినేది 5 మిల్లీగ్రాములు. ఆరు వందల రెట్లకు పైగా తేడా. వెనిగర్‌తో చేసి ఇదే గుహ అని చెప్తే పిల్లలకు కాలం లెక్క తప్పుతుంది.

యాసిడ్ లేకుండా చూపించాలంటే వంటింట్లో నాపరాళ్లు పరిచిన ఇల్లు చాలు. పాలిష్ చేసిన రాయి మీద నిమ్మచెక్క బోర్లించి పది నిమిషాలు వదిలేయండి. తీస్తే చెక్క ఉన్నంత మేర మెరుపు పోయి గుండ్రటి మచ్చ. ఎంత తోమినా పోదు, ఎందుకంటే అది మరక కాదు, అక్కడ రాయే తగ్గింది. మళ్లీ పాలిష్ పట్టించడం తప్ప దారి లేదు. ఇంట్లో తిట్లు తప్పవు, చెత్తకుప్పలోని ముక్క మీద చెయ్యండి.

బెజవాడ_బండ

మంచి చర్చ. మన ఉండవల్లి గుహలు, మొగల్రాజపురం గుహలు కూడా నీళ్లు తొలిచినవేనా? వాటి పక్కనే కృష్ణ పారుతోంది కదా.

రాతిపొర

కాదండీ. అవి మనుషులు ఉలితో తొలిచిన గుహాలయాలు. కొండవాలు నుంచి లోపలికి చెక్కారు, స్తంభాలు, గదులు అన్నీ కొలత ప్రకారం ఉంటాయి. విజయవాడ చుట్టూ ఉన్న కొండలు తూర్పు కనుమల ఖొండలైట్, నైస్ రకాలు, అంటే సున్నపురాయి కాని గట్టి రాళ్లు. వాటి మీద యాసిడ్ చుక్క వేస్తే పొంగదు. ఆ రాయిలో సహజ గుహ కోసం వెతకడం దండగ. అయితే కృష్ణకు ఎగువన పల్నాడు వైపు వెళ్లేసరికి రాయి మారిపోతుంది. అమరావతి స్తూపం ఫలకాలు ఆ పల్నాటి రాయితో చెక్కినవే. పాలరాయి అని పిలవడం అలవాటైపోయింది గానీ అది సున్నపురాయి.

మాస్టారు అడిగిన రెండో ప్రశ్న అసలైన ప్రశ్న. గుహల శాస్త్రంలో చాలాకాలం ముడి విప్పనిది అదే.

టీ కప్పుతో మొదలుపెడదాం. మొదటి చెంచా పంచదార ఇట్టే కరుగుతుంది. ఆరో చెంచా అడుగున కూర్చుని ఎంత కలిపినా నెమ్మదిగా పోతుంది. సున్నపురాయి దగ్గర ఈ నెమ్మది ఇంకా విపరీతం. నీరు తాను మోయగలిగినదాంట్లో సుమారు 80, 90 శాతం మోసేసిన తర్వాత కరిగే వేగం ఒక్కసారిగా పడిపోతుంది. మిగిలిన ఆ కాస్త ఆకలి తీరడానికి చాలా దూరం పడుతుంది. ఇలా పడిపోకుండా మొదటి వేగమే ఉండి ఉంటే మీరన్నట్టే నీటి పదును పైనే అయిపోయేది, పగులు నోరు మాత్రం గరాటాలా వెడల్పయ్యేది, లోపల గుహ పుట్టేది కాదు. ఆ మిగిలిన కొద్ది ఆకలితో నీరు వందల మీటర్లు నడుస్తూ, దారి పొడవునా పగులును వెంట్రుకవాసి వెడల్పు చేసుకుంటూ పోతుంది.

ఆ తర్వాత పోటీ మొదలవుతుంది. కొత్త రాయిలో పగుళ్లు మిల్లీమీటరులో పదో వంతు ఉంటాయి. నీరు సాఫీగా పారే సన్నని పగులులో వెడల్పు రెట్టింపైతే పారుదల ఎనిమిది రెట్లు అవుతుంది. అంటే పక్కపక్కన పది పగుళ్లుంటే వాటిలో ఏ కొంచెం పెద్దదో నీళ్లన్నీ లాక్కుంటుంది. లాక్కున్న కొద్దీ ఇంకా కరుగుతుంది, ఇంకా లాక్కుంటుంది. తక్కిన తొమ్మిదీ ఎండిపోతాయి. ఒక సెంటీమీటరు వెడల్పుకు చేరడానికే వేల నుంచి లక్ష ఏళ్లు పడుతుంది. ఆ గడప దాటాక ప్రవాహం సుడులు తిరుగుతుంది, తాజా నీరు లోపలిదాకా వస్తుంది, గోడలు ఏటా మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే ఒక మిల్లీమీటరు అరుగుతాయి. మనిషి నడిచే గుహలు గెలిచిన పగుళ్లు. ఓడినవి ఆ గోడల్లోనే గీతల్లా కనిపిస్తాయి, టార్చి పక్కవాటుగా వేసి చూడండి.

లోతున కరగడానికి ఇంకో కారణం ఉంది, పిల్లలకు లెక్కల క్లాసులో కూడా చెప్పొచ్చు. 1964లో బోగ్లీ అనే స్విస్ శాస్త్రవేత్త వివరించాడు. సున్నం నిండుగా ఉన్న రెండు నీళ్లు, ఇక ఒక్క పిసరు కూడా కరిగించలేనివి, కలిస్తే ఆ మిశ్రమం మళ్లీ కరిగిస్తుంది! సున్నపు_తేట గారు పైన వంపు గుర్తుపెట్టుకోమన్నారే, అదే ఇది. కరిగిన సున్నాన్ని నీటిలో నిలబెట్టడానికి కావలసిన వాయువు ఉజ్జాయింపుగా దాని ఘనంగా పెరుగుతుంది. ఒక నీటిలో సున్నం 1 పాలు, దానికి కావలసిన వాయువు 1. రెండో నీటిలో సున్నం 3 పాళ్లు, కావలసిన వాయువు 27. రెండూ సమానంగా కలపండి. సున్నం సగటు 2, దానికి కావలసింది 8. ఉన్నది మాత్రం 28లో సగం, 14. మిగిలిన 6 మళ్లీ రాయిని తింటుంది. రెండు పగుళ్లు కలిసే చోట, వాన నీరు భూగర్భజల మట్టాన్ని తాకే చోట గుహ వెడల్పవడానికి ఇదొక కారణం.

బెలూం గుహల పటం తెప్పించుకుని చూడండి. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలం. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు, 1982, 83ల్లో గెబౌర్ అనే జర్మన్ బృందంతో వచ్చి కొలిచాడు. పొడవు 3,229 మీటర్లు, అత్యంత లోతైన చోటు పాతాళగంగ, 46 మీటర్లు. చదునైన పొలాల మధ్య బావుల్లాంటి గుంటలున్నాయి, అందులో ఒకదాంట్లోంచి దిగుతారు. లోపల దారులు ఒకే మట్టంలో వలలా అల్లుకుని, రాతి పగుళ్ల దిక్కునే తిరుగుతుంటాయి. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు నలువైపులా కరిగిన గుహలు ఇలా ఉంటాయి. గోస్తని తొలిచిన అరకు వైపు బొర్రా గుహలది వేరే తీరు. రాయి వేడికీ ఒత్తిడికీ స్ఫటికంగా మారిన సున్నపురాయి, కొండ ప్రాంతం, వాన ఎక్కువ, అందుకని ఎత్తైన పెద్ద గదులు.

ఇక పల్నాడు. రాయి పేరు చూసి గుహలు లెక్కపెట్టకూడదు. నీళ్లు, మట్టి, రాయిలో కల్తీ, ఈ మూడూ చూడాలి. ఏడాదికి 800 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన, అందులో ఎక్కువ భాగం ఎండకు ఆవిరి, కొంత వాగుల పాలు. లోపలికి దిగేది 100 మిల్లీమీటర్లనుకుందాం. అంటే చదరపు మీటరుకు 100 లీటర్లు. లీటరుకు 200 మిల్లీగ్రాములు మోస్తే ఏటా 20 గ్రాములు. రాయి సాంద్రత 2.7 కాబట్టి 7.4 ఘన సెంటీమీటర్లు. చదరపు మీటరు మీద పరిస్తే మిల్లీమీటరులో వందో వంతు కూడా లేదు. వెయ్యేళ్లకు 7 మిల్లీమీటర్లు! అదే మేఘాలయలో చిరపుంజి వైపు ఏటా 11 వేల మిల్లీమీటర్ల పైన వాన, దట్టమైన అడవి మట్టి. దేశంలోని అతి పొడవైన సున్నపురాతి గుహలు మేఘాలయలోనే ఉండటంలో వింతేముంది?

రెండోది, ఇక్కడి రాయి చాలాచోట్ల బంకమట్టి, ఇసుక కలిసినది, మధ్యమధ్య షేల్ (బంకమట్టి గట్టిపడి ఏర్పడే పలకల రాయి) పొరలు. సున్నం కరిగిపోయాక ఆ బంకమట్టి ఎక్కడికీ పోదు, పగుల్లోనే కూర్చుని దారి మూసేస్తుంది. క్వారీ గోడలో నిలువు పగుళ్ల నిండా ఎర్రమట్టి దట్టించినట్టు కనిపించేది అదే. గుహ కావలసినది పురిట్లోనే పూడిపోయింది. గుత్తికొండ దగ్గర లోపల నీళ్లు నిలిచి భక్తులు స్నానాలు చేస్తారంటే ఆ చోట దారి మూసుకుపోలేదన్నమాట.

పుస్తకంలో సున్నపురాయి గుల్లలు, ఆల్చిప్పలు పేరుకుని ఏర్పడిందని ఉంటే పిల్లలకు ఒక సవరణ చెప్పండి. పల్నాడు, కర్నూలు సున్నపురాయి ప్రొటెరోజోయిక్ కాలం నాటిది, అంటే యాభై కోట్ల ఏళ్లకు పైబడినది. అప్పటికి గుల్ల కట్టుకునే ప్రాణే లేదు. సముద్రపు నీటిలోంచి సున్నం పేరుకోవడంలో అప్పటి సూక్ష్మజీవుల పాత్ర ఉంది. అందులో శంఖం శిలాజం కోసం వెతికితే దొరకదు.

సున్నపు_తేట, విజయవాడ

నాలుగో ప్రశ్న. మీ తేట మరీ చిక్కగా ఉంది మాస్టారూ, అదీ తప్పు.

నిండుగా సున్నం కరిగిన తేటలో లీటరుకు 1.6 గ్రాముల కాల్షియం హైడ్రాక్సైడ్ ఉంటుంది. ఊదినప్పుడు అది 2 గ్రాములు దాటి సున్నపురాయి పొడి అవుతుంది. ఊపిరిలో కార్బన్ డై ఆక్సైడ్ 4 శాతం. ఆ 4 శాతం లీటరుకు పావు గ్రాము కంటే పెద్దగా కరిగించలేదు. కాబట్టి మీరు పావుగంట కాదు, పొద్దుగూకే దాకా ఊదినా తేటపడదు. పుస్తకాల్లో అది సిలిండరు వాయువుతో చేసే ప్రయోగం. ఊపిరితో చేయమని రాసినవాళ్లు చేసి చూశారో లేదో!

ఇలా చేయండి. తాంబూలం సున్నం ఒక చెంచా, లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో (ఇన్వర్టర్ బ్యాటరీకి పోసేది) వేసి మూత బిగించి కుదిపి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున పైతేట మాత్రం దూదిలోంచి వడకట్టండి. కుళాయి నీళ్లు వద్దు, అందులోని బైకార్బనేట్ వల్ల ఊదకముందే తెల్లబడుతుంది. ఈ తేట 10 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 200 మిల్లీలీటర్లు కలిపి ఊదండి. గ్లాసు వెనక నల్ల కాగితం పెట్టండి, లేకపోతే తెలుపు కంటికి ఆనదు. ముందు మసకేస్తుంది, ఓపికగా ఊదుతూ పోతే తేటపడుతుంది. సున్నపు తేట ఘాటైన క్షారం, పీహెచ్ 12 పైన. పొరపాటున పిల్లలు పీల్చకుండా స్ట్రాకు పైభాగంలో పిన్నుతో చిన్న బెజ్జం పెట్టండి. పీలిస్తే గాలే వస్తుంది, నీరు రాదు. కళ్లద్దాలు పెట్టించండి.

ఊదే ఓపిక లేకపోతే గోలీసోడా ఉందిగా. పలచన చేయని తేట 10 మిల్లీలీటర్లు ఊది తెల్లబరిచి, అందులో చల్లటి సోడా 100 మిల్లీలీటర్లు పోయండి. తెల్లదనం విరిగిపోతుంది. అదే నీటిని గిన్నెలో మరిగించండి, వాయువు పోయి మళ్లీ తెల్లటి పొడి పేరుకుంటుంది. ముందు గుహ, తర్వాత స్టాలక్టైట్, రెండూ ఒకే గిన్నెలో. సోడా మాత్రం ఉప్పు, నిమ్మ, తీపి ఏదీ లేనిది తీసుకోండి. నిమ్మ ఉప్పు ఉంటే సిట్రిక్ ఆమ్లమే పని కానిచ్చేసి మన వాయువుకు పేరు రాకుండా చేస్తుంది.

కొలిచి చూపాలంటే రాయి ముక్కలు 3 నుంచి 5 మిల్లీమీటర్లకు కొట్టి, దుమ్ము పోయేదాకా మూడుసార్లు కడిగి, ఎండబెట్టి 50 గ్రాములు తూచండి. అరలీటరు సోడా సీసాలో వేసి వెంటనే మూత బిగించండి. పక్కన ఇంకో సీసాలో అంతే రాయి, డిస్టిల్డ్ వాటర్. రెండు రోజుల తర్వాత రెండింటి టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం) మీటరుతో చూడండి. సోడాకు సొంత టీడీఎస్ ఉంటుంది కాబట్టి ముందే కొలిచి తీసేయాలి. మీటరు ముల్లుల మీద బుడగలు పట్టుకుంటే తక్కువ చూపిస్తుంది, నీటిని గ్లాసులో కాసేపు తిప్పి వాయువు పోయాక కొలవండి. బరువు తేడా చూపాలని కిరాణా కాటా వాడొద్దు. తగ్గేది ఒక గ్రాము కూడా ఉండదు, 0.01 గ్రాము చూపే బంగారం కాటా కావాలి. ముక్కలు సరిగ్గా ఆరకపోతే తడి బరువే ఆ కొద్ది తేడాను మింగేస్తుంది.

బోరు_లెక్క, నరసరావుపేట

రాతిపొర గారు చెప్పిన "గెలిచిన పగులు" సంగతే పల్నాడులో బోరు వేయించే రైతుకు డబ్బు లెక్క. సున్నపురాయిలో నీళ్లు రాయంతటా ఉండవు, ఆ గెలిచిన దారుల్లోనే ఉంటాయి. ఒక బోరులో రెండంగుళాలు పోస్తుంది, ఇరవై మీటర్ల అవతల దుమ్ము లేస్తుంది. పక్కవాడి బోరు చూసి పాయింటు పెట్టొద్దనేది అందుకే.

డ్రిల్లింగులో ఖాళీ తగిలితే తెలిసిపోతుంది. రాడ్డు అడుగో రెండడుగులో ఉన్నట్టుండి జారుతుంది. పైకి రావలసిన గాలి, రాతిపొడి ఆగిపోతాయి, గాలంతా ఆ ఖాళీలోకి పోతుంది. అక్కడ ఆపి లోతు రాసుకోవాలి. తొందరపడి కొట్టుకుంటూ పోతే సుత్తి పక్కకు వాలి ఇరుక్కుంటుంది, బోరుతో పాటు సుత్తి డబ్బులూ పోతాయి. ఖాళీలో నీళ్లుంటే అదృష్టమే. ఎర్రమట్టి ఉంటే మాత్రం ఆ మేర కేసింగు దించాలి, లేకపోతే మోటారు వేసిన ప్రతిసారీ బురద లాగి పంపు అరిగిపోతుంది.

నీళ్లు తేటగా ఉన్నాయని నమ్మడం ఇక్కడ పెద్ద పొరపాటు. ఇసుక నేలలో నీళ్లు వడకట్టుకుని దిగుతాయి. గుహ దారిలో వడపోత ఉండదు, పైన సెప్టిక్ ట్యాంకులో ఉన్నది ఒకటి రెండు రోజుల్లో కింద ఊరి బావిలో తేలొచ్చు. వాన పడ్డ మర్నాడు బోరు నీళ్లు ఎర్రగా వస్తే అది నేరుగా పైనుంచి దారి ఉన్న బోరు. తాగడానికి వాడేవాళ్లు తొలకరి వానల తర్వాత కోలీఫాం పరీక్ష (మురుగు కలిసిందేమో తేల్చే సూక్ష్మజీవుల పరీక్ష) చేయించి క్లోరినేషన్ చేసుకోవాలి. కాఠిన్యానికి (నీటిలోని సున్నం వగైరాకు) తాగునీటి బీఐఎస్ 10500 ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు లేకపోతే 600 దాకా. మరిగిస్తే బైకార్బనేట్ కాఠిన్యం గిన్నె అడుగున తెల్లగా దిగిపోతుంది, సూక్ష్మజీవులూ చస్తాయి.

వాన నీళ్లు పొలంలో ఒకేచోట సుడి తిరిగి ఇంకుతుంటే అది నీటిగుంటకు పనికొచ్చే చోటు కాదు. షీటు వేయకుండా తవ్వితే నిలవదు. అలాంటి చోట చుట్టుపక్కల బోర్లు విపరీతంగా తోడి నీటిమట్టం దించితే, కింద ఖాళీని మోస్తున్న నీటి ఊతం పోయి పైమట్టి కుంగొచ్చు. పశువుల కొట్టం, ఇంటి పునాది ఆ గుంట దరిదాపుల్లో పెట్టకండి.

బెజవాడ_బండ

ఫ్లైఓవర్ల కింద కాంక్రీటు నుంచి తెల్లటి ఊడలు వేలాడుతుంటాయి కదా, అవి స్టాలక్టైట్లేనా? నాలుగైదేళ్లలోనే జానెడు పెరుగుతాయి. గుహలో అంత పెరగడానికి ఎన్నేళ్లు?

సున్నపు_తేట, విజయవాడ

పదార్థం ఒకటే, రసాయనం తలకిందులు. కాంక్రీటులో మిగిలిన కాల్షియం హైడ్రాక్సైడ్‌ను నీరు మోసుకొస్తుంది, చుక్క బయటపడగానే గాలిలోంచి కార్బన్ డై ఆక్సైడ్‌ను పీల్చుకుని తెల్లబడుతుంది. అంటే మీరు ఊదిన సున్నపు తేటే అది. గుహలో చుక్క వాయువును వదిలేసి తెల్లబడుతుంది. సున్నపు తేట చాలా ఎక్కువ సరుకు మోస్తుంది కాబట్టి ఫ్లైఓవరుకు వందల రెట్ల వేగం. గుహలో ఏటా మిల్లీమీటరులో పదో వంతు మామూలు. ఆ లెక్కన జానకు రెండు వేల ఏళ్లు. వేలితో ముట్టుకుంటే జిడ్డు అంటుకుని పెరుగుదల ఆ చోట ఆగిపోతుంది. బెలూం తీసుకెళ్లేటప్పుడు పిల్లలకు ముందే చెప్పండి.

రాతిపొర

చిన్న సవరణ. పదో వంతు అన్నది సగటు. చుక్క పడే వేగం, పైన మట్టిలో వాయువు, కాలం బట్టి పది రెట్లు అటూ ఇటూ తేడా వస్తుంది. మధ్యలో ఎండు కాలాల్లో ఆగిపోతుంది కూడా. ఊడ పొడవు కొలిచి గుహ వయసు చెప్పేవాళ్లను నమ్మొద్దు. ఊడకు ముందు గుహ ఉండాలి, గుహలో నీళ్లు దిగి గాలి ఆడాలి, అప్పుడే చుక్క వాయువు వదులుతుంది. కాబట్టి ఊడ వయసు ఎప్పుడూ గుహ వయసు కంటే తక్కువే.

కొత్తపేట_సైన్స్, గుంటూరు

చాలా సంతోషం అందరికీ. 1, 3, 27 లెక్క రేపే బోర్డు మీద వేస్తా. ఇంకొక్కటి: రాయి కొట్టడం కష్టమైతే సోడా సీసాలో చాక్‌పీసు వేయొచ్చా?

సున్నపు_తేట, విజయవాడ

ముందు చాక్‌పీసు మీద వెనిగర్ చుక్క వేసి చూడండి. బడుల్లో వాడే చాక్‌పీసులు చాలావరకు జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్. పొంగదు. పైగా అది మామూలు నీటిలోనే లీటరుకు 2 గ్రాములకు పైగా కరుగుతుంది, రెండు సీసాల టీడీఎస్ కూడా ఒకేలా పెరిగి ప్రయోగం బోల్తా పడుతుంది. కోడిగుడ్డు పెంకులు వాడండి, లోపలి పొర ఒలిచేసి, కడిగి, నలిపి. అందులో 95 శాతం దాకా కాల్షియం కార్బొనేటే.

కొత్తపేట_సైన్స్, గుంటూరు

వేసి చూశానండీ. పొంగలేదు. పెంకులు పోగేస్తున్నాం.